వించ్‌మన్ చేతులు

సాలిగ్రామపురం, విశాఖపట్నం
12 నవంబరు 2005

ప్రియమైన ఉమాశంకర్ బావకి,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. కారణం చివర్లో రాస్తాను. ముందు మన డాకు సంగతులు.

మన పాత బెర్తుకి చక్రాల క్రేను వచ్చింది. తోలేవాడికి అద్దాల గది, అందులో ఫ్యాను. సొంత వించ్‌లున్న పాతకాలపు ఓడలు ఎప్పుడో గాని రావడం లేదు. అవి వచ్చినరోజే మాబోటివాళ్లకు పిలుపు. జూన్‌లో అలాంటి ఓడ ఒకటి వచ్చింది. వించ్ మీద నేను, ఓడ గోతి నోటి దగ్గర, హేచ్ అంచున కొత్త సిగ్నల్‌మన్. మధ్యలో అతను నాకు చెయ్యి చూపించడం మానేసి సెల్‌ఫోన్‌లో మాటలు మొదలుపెట్టాడు. సరుకు గాల్లో ఉంది. బ్రేకు వేసి కూర్చున్నాను. కింద ఓడ గోతిలోంచి మా బావమరిది గవర్రాజు అరిచాడు.

"ఏటి బావా, నిద్రోయినావేటి?"

"సెయ్యి కనబడకపోతే నానేటి సేత్తానురా? పంచాంగం సూసి దించీమంటావా?" అన్నాను.

వించ్ తోలేవాడికి గోతిలో ఏముందో కనబడదు. అంచున నిలబడ్డవాడి చెయ్యే మన కన్ను. పద్నాలుగేళ్లు నీ చెయ్యి చూసి సరుకు దించాను. నువ్వు స్వచ్ఛంద విరమణ తీసుకుని హైదరాబాదు వెళ్లిన నాలుగేళ్లలో అలాంటి చెయ్యి మళ్లీ చూడలేదు.

ఇక కారణం. ఆ ఓడ పని అయ్యాక నడుం పట్టేసింది. సీటు వల్ల అనుకుని తైలం రాసుకున్నాను. సెప్టెంబరులో దగ్గితే పక్కటెముక విరిగింది. దగ్గుకి ఎముక విరగడమేమిటని ఆసుపత్రిలో రక్తం తీశారు, ఎముకలోకి సూది దించి మూలుగ తీశారు. మల్టిపుల్ మైలోమా అన్నారు. మూలుగలో పుట్టే కేన్సరు. బోర్టెజోమిబ్ అని కొత్త ఇంజెక్షన్ వచ్చిందట, అది మొదలుపెడతామన్నారు. ఖర్చు పోర్టు చూసుకుంటుంది. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. నేను తలాడించాను. ఏమీ అర్థం కాలేదు.

మీ అమ్మాయి ఆశాజ్యోతి పరిశోధన చేసేది ఈ కణాల మీదే కదా. ఒక్కటి అడిగి రాయి. మళ్లీ వించ్ ఎక్కుతానా?

మీ చెల్లెమ్మ సీతాలు నిన్ను అడిగినట్టు చెప్పమంది.

నీ
అప్పలసూరి


తార్నాక, హైదరాబాదు
21 నవంబరు 2005

ప్రియమైన సూరి బావా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి ఆశ చేతికిచ్చాను. చదివి, "మావయ్య మాట్లాడితే సినిమా పద్మనాభం, రాస్తే దినపత్రిక" అంది. ఆ తర్వాత గోరుచిక్కుళ్లు ముందు వేసుకుని తుంచుతూ కూర్చుంది.

చివరికి తనే అడిగింది.

"నాన్నా, లారీల సమ్మెప్పుడు యూరియా ఓడ గుర్తుందా?"

ఎందుకు గుర్తుండదు. తొంభై ఏడు. నువ్వూ నేనూ దించుతూనే ఉన్నాం, లారీలు మాత్రం కదల్లేదు. షెడ్డు నిండింది, జెట్టీ నిండింది, రైలు పట్టాల మధ్య కూడా బస్తాలు పేర్చారు. క్యారేజీ తెచ్చిన ఆశ గేటు దగ్గర నిలబడి బస్తాల గోడ చూసి లోపలికి రాలేకపోయింది. ఆఖరికి హేచ్ మూతలు వేసేశారు. ఓడలో సరుకు ఉంది, చేతుల్లో బలం ఉంది. కాలు పెట్టడానికి చోటు లేదు.

నీ మందు చేసేది అదేనట.

మన ఒంట్లో ప్రతి కణమూ రోజంతా ప్రొటీన్లు తయారు చేస్తుంది. వాటిలో పాతబడ్డవీ, వంకరగా తయారైనవీ ఉంటాయి. చిరిగిన బస్తాలకు సరుకు లెక్క రాసే టాలీ గుమస్తా ఎర్ర రంగు కొట్టినట్టు కణం వాటికి ఒక గుర్తు తగిలిస్తుంది. గుర్తున్నవాటిని ముక్కలు చేసే యంత్రం ఒకటి కణంలోనే ఉంటుంది. ఆ గుర్తుల పద్ధతి కనిపెట్టినవాళ్లకే నిరుడు నోబెల్ బహుమతి ఇచ్చారని ఆశ చెప్పింది. బోర్టెజోమిబ్ వెళ్లి ఆ యంత్రానికి అడ్డం పడుతుంది. చెత్త బయటికి పోదు, కణం ఊపిరాడక చస్తుంది.

"మరి మంచి కణాలు చావవా?" అన్నాను.

"మావయ్య మూలుగలో చెడిపోయినవి మామూలు కణాలు కావు నాన్నా. ప్రొటీను తయారు చెయ్యడమే వాటి పని. మంచివాటికి వారానికో చిన్న పడవ వస్తే వీటికి రోజూ యూరియా ఓడే. లారీలు ఆగితే ముందు మునిగేది ఇవే."

ఇంకో మాట కూడా చెప్పింది, అలాగే రాస్తున్నాను. ఇది రోగాన్ని వేళ్లతో సహా పీకే మందు కాదు. అణిచి ఉంచుతుంది. ఎంతకాలమన్నది మనిషిని బట్టి ఉంటుంది. వించ్ ఎక్కడం గురించి చెప్పాల్సింది డాక్టరేగాని తను కాదంది. ఈ మందు నరాల మీద కూడా పనిచేస్తుందట. వేళ్లూ పాదాలూ తిమ్మిరెక్కినా, స్పర్శ తగ్గినా అదేరోజు డాక్టరుకి చెప్పాలి. మోతాదు తగ్గించడమో, వ్యవధి పెంచడమో చేస్తారు. చెప్పకపోతే నరాలు పాడైపోతాయి.

"డాకు మనుషులు నొప్పి చెప్పుకోరు. దాచొద్దని మావయ్యకి గట్టిగా రాయండి" అంది.

గట్టిగానే రాశాను.

నీ
ఉమాశంకర్


సాలిగ్రామపురం
4 మార్చి 2006

ప్రియమైన బావకి,

ఇంజెక్షన్లు మొదలయ్యాయి. వేసేది ఒక్క క్షణం, దానికోసం కూర్చునేది పూటంతా. నా పక్క కుర్చీలో ఎలమంచిలి నుంచి వచ్చే బెల్లం వ్యాపారి కనకరత్నం గారు కూర్చుంటారు. ఆయనకీ ఇదే రోగం. ఆశ చెప్పిన యూరియా ఓడ కథ ఆయనకి చెప్పాను. విని ఇలా అన్నారు. "అయితే నీ ఒంట్లో సమ్మె సేయించడానికి పోర్టోళ్లు డబ్బులిత్తన్నారన్నమాట. బయట సేత్తే మాత్రం జీతం కోసేత్తారు." నర్సమ్మ కూడా నవ్వింది.

రక్తంలో ఆ పాడు ప్రొటీను సగానికి పైగా దిగింది. డాక్టరమ్మ కాగితం చూసి తనే ఆశ్చర్యపోయింది. నడుం నొప్పి తగ్గింది. కుర్చీలోంచి ఎవరూ పట్టుకోకుండా లేస్తున్నాను. రోగం మొదలయ్యాక మొదటిసారి మొన్న కోటవీధి దాకా ఒక్కణ్ణే వెళ్లి పాత హోటల్లో ఉప్మా తిన్నాను. యజమాని గుర్తుపట్టాడు. "మీ జోడీ ఏరండి?" అని అడిగాడు. హైదరాబాదులో ఉన్నాడు, అక్కడ సముద్రం లేదు కాబట్టి మంచినీళ్లకే సిగ్నల్ ఇస్తున్నాడు అని చెప్పాను.

చేతుల సంగతి అడిగావు. బాగానే ఉన్నాయి. ఆశకు చెప్పు.

ఉంటాను,
అప్పలసూరి


తార్నాక
19 మార్చి 2006

ప్రియమైన సూరి బావా,

ప్రొటీను దిగిందన్న వార్త విని ఆశ వాళ్లమ్మతో పాయసం చేయించింది. మీ ఇద్దరి పేరు చెప్పి నేను రెండుసార్లు పోయించుకున్నాను.

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి తొంభై మూడులో మనం దించిన ఎక్స్‌రే యంత్రం గుర్తొస్తోంది. చెక్కపెట్టె మీద గాజుగ్లాసు బొమ్మ ఉంది. అది ఏ ఆసుపత్రిదో గుర్తులేదు. సూపర్‌వైజరు ప్రతి అడుగుకీ "మెల్లగా, మెల్లగా" అని నా వెనకే తిరిగాడు. జెట్టీ మీద ఎర్ర ఇనుపఖనిజం దుమ్ము మందంగా పరిచి ఉంది. నేను అరచెయ్యి కిందికి తిప్పి, వేళ్లు మాత్రం ఆడించాను. నువ్వు పెట్టెని దించావు. దుమ్ము లేవలేదు. సూపర్‌వైజరు వంగి చూసి, "దిగిందా, ఇంకా గాల్లో ఉందా?" అని అడిగాడు. ఇంతకీ మొన్న నీ నడుముని ఫోటో తీసింది ఆ యంత్రమే అయ్యుంటుందా?

ఆ రోజు రాత్రి నిన్నో మాట అడిగాను, నీకు గుర్తుందో లేదో. నేల తగిలిందని ఎలా తెలిసింది అని. నా చెయ్యి ఆగమని చెప్పకముందే నువ్వు ఆపావు. "వించ్ లివరు సెప్పింది బావా. బరువు నేలకిచ్చేసినప్పుడు అరిసేతికి తెలుత్తాది" అన్నావు.

ఒంటికి విశ్రాంతి ఇవ్వు. తొందరేమీ లేదు.

నీ
ఉమాశంకర్


సాలిగ్రామపురం
6 ఆగస్టు 2006

ప్రియమైన బావకి,

మళ్లీ వించ్ ఎక్కాను.

దుంగల ఓడ. రాత్రి కురిసిన వానకి డెక్కంతా తడి. యారాడ కొండ మీద మబ్బు దిగి ఉంది. పొద్దున్నే లివరు పట్టుకుంటే ఇనుము చల్లగా తగిలింది. మొదటి స్లింగు దుంగల్ని ఎత్తేటప్పుడు పిడిలోంచి ఆ సన్నని వణుకు మోచేతి దాకా వచ్చింది. ఇన్నాళ్లూ ఏం పోగొట్టుకున్నానో అప్పుడు తెలిసింది. కింద గవర్రాజు గేంగు ఉంది. ఒక్క దుంగ కూడా అంచుకి తగల్లేదు. మధ్యాహ్నం కేంటీన్లో పులిహోర పెట్టారు.

ఇంజెక్షన్లు ఇంకా నడుస్తున్నాయి. ప్రొటీను ఇంకా దిగింది.

నవ్వుకోవడానికి ఒకటి రాస్తాను. మొన్న ఆసుపత్రి నుంచి బస్సు దిగి ఇంటికి నడుస్తున్నాను. మా వీధి మొదట్లో కూరగాయల సీతప్ప అడ్డొచ్చి, "ఏటి తండ్రీ, ఒంటి సెప్పుతో ఎల్తన్నావు? రెండోది తాకట్టెట్టినావా?" అంది. చూసుకుంటే నిజంగానే కుడికాలికి చెప్పు లేదు. వెనక్కి వెళ్లి వెతికాను. బస్టాపు దగ్గర బోర్లా పడి ఉంది. అంత దూరం కంకర మీద ఉత్తకాలితో నడిచానన్నమాట. మీ చెల్లెమ్మ ఇప్పటికీ తలుచుకుని నవ్వుతోంది.

ఆశకు నా ఆశీస్సులు.

నీ
అప్పలసూరి


తార్నాక
14 ఆగస్టు 2006

సూరి బావా,

నీ ఉత్తరం చదివి నేను నవ్వాను. ఆశ నవ్వలేదు.

"నాన్నా, కంకర గుచ్చుకుంటే తెలియలేదంటే పాదాల్లో స్పర్శ పోయింది. పాదాల్లో పోయినవాడికి వేళ్లలో ఎంత మిగిలి ఉంటుందో నాకు అనుమానమే" అంది.

నీ ఉత్తరంలో మొదటి సగం రెండో సగంతో కలిపి చదువుకున్నాను. అరచేతితో బరువు తెలుసుకునే మనిషివి నువ్వు. ఆ చేతులు మొద్దుబారి ఉంటే నువ్వు వించ్ మీద కూర్చున్నావు. నీ కింద గోతిలో గవర్రాజు ఉన్నాడు, వాడితోపాటు గేంగంతా ఉంది. వాళ్లెవరూ తలెత్తి పైకి చూడరు. వించ్ మీద ఉన్నది అప్పలసూరి కాబట్టి చూడరు. నీకు ఫిట్‌నెస్ కాగితం ఎవరిచ్చారో తెలియదు. నీమీద అభిమానంతో ఎవరో సర్దేసి ఉంటారు. వాళ్లకి నీ చెప్పు సంగతి తెలియదు, నాకు తెలుసు.

డాక్టరుకి చెప్పు. చెబితే మందు తగ్గిస్తారని, రోగం తిరగబెడుతుందని భయపడుతున్నావేమో. తగ్గించినా మందు పనిచేస్తుందని ఆశ అంటోంది. చెప్పకపోతే చేతులు శాశ్వతంగా పోతాయి. అంతకంటే ముందు కింద ఎవడో ఒకడు పోతాడు.

మన డాకు కట్టుబాటు నీకు తెలిసిందే. సిగ్నల్‌మన్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంటే వించ్ ఆపాల్సిందే. ఆఫీసరు అరిచినా, ఓడ కెప్టెనే వచ్చినా మళ్లీ ఆ చేతులు ముందుకు వచ్చేదాకా లివరు కదలకూడదు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. వించ్ దిగానని నువ్వు రాసేదాకా నా దగ్గర్నుంచి ఉత్తరం రాదు.

ఉమాశంకర్


తార్నాక
9 అక్టోబరు 2006

ప్రియమైన సూరి బావా,

ముందుగా మాట తప్పింది నేనే. నీ జవాబు కోసం ఆగస్టు అంతా చూశాను, సెప్టెంబరులో కూడా చూశాను. మీ పక్కింటికి ఫోన్ చేసి చెల్లెమ్మను పిలిపించాను.

"మా బాగున్నారన్నయ్యా. డూటీకెల్నారు. పొద్దున్నే కాకీ సొక్కా ఏసుకొని ఎల్తన్నారు" అంది.

వించ్ మీదికేనా అని అడగబోయి ఆగాను. ఆమెకు లేని భయాన్ని ఫోన్లో పెట్టడం ఇష్టం లేకపోయింది. ఆ రోజు సాయంత్రమే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

స్టేషన్ నుంచి నేరుగా డాకుకి వచ్చాను. గేటు దగ్గర పాతవాడు ఉన్నాడు, పాసు రాసిచ్చాడు. మన బెర్తులోనే ఓడ ఉంది. పాతకాలపుదే, వించ్‌లున్న ఓడ. వించ్ మీద మనిషి ఉన్నాడు. నేను దగ్గరికి నడుస్తూనే ఏం చెయ్యాలో అనుకున్నాను. హేచ్ అంచుకి ఎక్కి, అందరి ముందూ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడదామనుకున్నాను.

వించ్ మీద ఉన్నది నువ్వు కాదు. ఎవరో ముప్పై ఏళ్లవాడు.

నువ్వు షెడ్డు నీడలో నేల మీద నిలబడి ఉన్నావు. నీ ముందు ప్రైవేటు కాంట్రాక్టరు మనుషులు అరడజను మంది, నెత్తిన కొత్త పచ్చ టోపీలు. నువ్వు వాళ్లకి సిగ్నళ్లు నేర్పుతున్నావు. హబీస్ అంటూ ఎత్తమని చూపించావు, ఆరియా అంటూ దించమని చూపించావు. ఒకడు తప్పు చేస్తే, "ఈగలు తోలతన్నావేటిరా? సరుకు దించు" అన్నావు. అందరూ నవ్వారు.

పిలుద్దామని నోరు తెరిచాను. అప్పుడు చూశాను. ఆగమనే సిగ్నలుకి పిడికిలి బిగించాలి కదా. చెయ్యి ఎత్తే ముందు నువ్వు దానివంక చూసుకున్నావు. మూసుకుందని కంటితో చూశాకే పైకెత్తావు. మళ్లీ చూపించినప్పుడూ అంతే.

నేను షెడ్డు వెనక్కి తప్పుకున్నాను. ఇంటికి కూడా రాకుండా అదేరోజు బండి ఎక్కాను. చెల్లెమ్మ తిడుతుందని తెలుసు.

చూసింది రాశాను. నాకు తెలియనిది నువ్వు రాయి.

నీ
ఉమాశంకర్


సాలిగ్రామపురం
17 అక్టోబరు 2006

ప్రియమైన బావకి,

గేటు దగ్గరివాడు మర్నాడే చెప్పాడు, నువ్వు వచ్చి వెళ్లావని. సీతాలు తిట్టింది నిన్ను కాదు, నన్ను. "అన్నయ్య అంత దూరం నుంచి ఒచ్చి మంచినీల్లైనా తాగకుండా ఎల్నాడంటే అది నీ వోలకం వల్లే" అంది. ఆమె మాట నిజమే.

తిమ్మిరి ఫిబ్రవరిలోనే మొదలైంది. ముందు చీమలు పాకినట్టు, తర్వాత చేతికి ఉన్ని తొడుగు వేసినట్టు. ఆశ రాయించిన మాట గుర్తుంది. అదేరోజు డాక్టరమ్మకి చెప్పాను. ఆమె మోతాదు తగ్గించి, ఇంజెక్షన్ వారానికి ఒకటి చేసింది. అయినా పాడు ప్రొటీను దిగుతూనే వచ్చింది. పోయిన నెల పరీక్షలో కనబడలేదు. ఇప్పటికి కనబడలేదు, అంతే అంది డాక్టరమ్మ. అంతే చాలు. పాదాలకు కొంచెం స్పర్శ వస్తోంది. వేళ్లకు రాలేదు. రావచ్చు, రాకపోవచ్చు.

మెడికల్ బోర్డు ముందు కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. కళ్లు మూసుకోమని నా అరచేతిలో రూపాయి బిళ్ల పెట్టారు. ఏముంది అని అడిగారు. ఏమీ లేదన్నాను. వించ్ అక్కడితో పోయింది. కింద గవర్రాజు ఉంటాడని నువ్వు రాశావు. అది నాకు నువ్వు రాయనక్కర్లేదు బావా.

దుంగల ఓడ నిజమే. వానా నిజమే. వించ్ మీద నేను లేను, షెడ్డు కింద కూర్చుని చూశాను. లివరు చల్లదనం, ఆ వణుకూ గుర్తున్నవి రాశాను.

ఎందుకంటే చెప్పడం కష్టం. సీతాలుకి తెలుసు, గవర్రాజుకి తెలుసు, డాకంతా తెలుసు. టీ కొట్టువాడు కూడా ఇప్పుడు నాకు గ్లాసు చేతికివ్వడు, బల్ల మీద పెడతాడు. తెలియనివాడు ఒక్కడైనా ఉండాలనిపించింది. నీ ఉత్తరం విప్పితే అందులో నేనింకా వించ్ మీదే ఉండేవాణ్ణి. ఎక్స్‌రే పెట్టె దించుతూ ఉండేవాణ్ణి. నువ్వు చేతులు వెనక్కి పెట్టుకున్నానని రాసిన ఉత్తరం చదివాక, దిగానని రాయడానికి చాలాసార్లు కూర్చున్నాను. ఎక్కనివాడు దిగానని ఎలా రాస్తాడు.

నేర్పే పని జూలై నుంచి. లైట్ డ్యూటీ అంటారు. సిగ్నల్ ఇవ్వడం నాకెవరూ నేర్పలేదు. నీకు ఎదురుగా కూర్చుని పద్నాలుగేళ్లు చూసిందే వాళ్లకి చూపిస్తున్నాను.

ఒకటి మాత్రం నాకు అనుమానంగానే ఉంది. పిడికిలి మూసుకుందో లేదో నా చేతికి తెలియదు. దగ్గర్నుంచి చూసుకుంటే మూసుకున్నట్టే ఉంటుంది. నలభై అడుగుల దూరంలో వించ్ మీద ఉన్నవాడికి ఎలా కనబడుతుందో నాకెలా తెలుస్తుంది? నా ముందున్నవాళ్లు కొత్తవాళ్లు, తప్పుగా ఉన్నా చెప్పరు. అదే చూసి నేర్చుకుని రేపు ఓడెక్కుతారు. నువ్వు షెడ్డు వెనకనుంచి చూశావు, దూరం సరిగ్గా అంతే ఉంటుంది.

మూసుకుందా బావా?

నీ
అప్పలసూరి


పోస్టుకార్డు
తార్నాక, 23 అక్టోబరు 2006

బావా,

మూసుకుంది. కాని బొటనవేలు లోపలికి పోతోంది. వేళ్ల మీదుగా బయటికి రావాలి. లోపల ఉంటే ఎండలో చెయ్యి సగం తెరిచినట్టు కనబడుతుంది, వించ్‌వాడు ఇంకో జానెడు దించేస్తాడు. ఆరియా చూపించేటప్పుడు మోచెయ్యి ఒంటికి దూరంగా ఉంచు. హబీస్‌కి వంక పెట్టలేను.

శనివారం గోదావరికి బయల్దేరుతున్నాను. ఈసారి ఇంటికే వస్తాను, చెల్లెమ్మకి చెప్పు. సోమవారం పొద్దున్న నువ్వు పాఠం చెబుతుంటే నేను ఎదురుగా, వించ్‌వాడు ఉండేంత దూరంలో కూర్చుంటాను.

ఉమాశంకర్